మట్టిలో కలిసిన సాక్ష్యం: నాసిరకం విత్తనాలు – వినియోగదారుడిగా రైతు

కొన్న ఫ్రిజ్ పనిచేయకపోతే దానినే సాక్ష్యంగా చూపవచ్చు. విత్తనం విషయంలో ఆ వీలు లేదు. లోపం బయటపడే నాటికి సరుకు మట్టిలో కలిసిపోయి ఉంటుంది. వినియోగదారుల రక్షణ చట్టం రైతుకు ఏ మేరకు అక్కరకు వస్తుందన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

1986 నాటి చట్టంలోని 13(1)(సి) సెక్షన్ ప్రకారం, పరీక్షించనిదే తేలని లోపాన్ని ఆరోపించినప్పుడు సరుకు నమూనాను ప్రయోగశాలకు పంపాలి. ఆంధ్రప్రదేశ్ రైతుల ఫిర్యాదులను ఎదుర్కోవడంలో జాతీయ విత్తన సంస్థ ఈ నిబంధనను ఆసరా చేసుకున్నది. రైతులు వాణిజ్య ప్రయోజనం కోసమే విత్తనం కొన్నారని, 1966 నాటి విత్తనాల చట్టం ఉండగా వినియోగదారుల ఫోరాలకు అధికార పరిధి లేదని కూడా వాదించింది.

2012 జనవరి 16న వెలువడిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ వాదనలను తోసిపుచ్చింది. విత్తనాల చట్టంలో నష్టపోయిన రైతుకు పరిహారమిచ్చే ఏర్పాటే లేదు. ఆ చట్టం కింద మొదటి నేరానికి జరిమానా 500 రూపాయలకు మించదు. పంట పోయిన కుటుంబానికి అందులో దక్కేదేమీ లేదు. కాగా తీర్పులో అన్నిటికన్నా విలువైనది నమూనాను గురించిన వివేచన. రైతు కొన్న విత్తనమంతా విత్తుతాడు. లోపాన్ని ముందే ఊహించి పిడికెడు దాచుకోవాలని అతని నుంచి ఆశించరాదు. నమూనా ఉండవలసింది అమ్మినవారి వద్దనే. 1968 నాటి విత్తన నియమావళి ప్రకారం ప్రతి లాట్‌కు సంబంధించిన రికార్డును మూడేళ్లు భద్రపరచాలి. లాట్ మొత్తం అమ్ముడైన ఏడాది తరువాతే నమూనాను పారవేయవచ్చు.

అంతమాత్రాన రైతు గెలుపు ఖాయం కాదు. పంట దెబ్బతినడానికి వర్షాభావం, నేల, తెగులు కూడా కారణాలు కావచ్చునన్న వాదన ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దానికి బదులు చెప్పగలిగేది సకాలంలో పొలాన్ని చూసిన వ్యవసాయాధికారి నివేదిక. దానికి తోడు రసీదు, లాట్ నంబరు ఉన్న సంచి.

2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి చట్టం ఉత్పత్తి బాధ్యతను ప్రత్యేక అధ్యాయంగా చేర్చింది. ఫిర్యాదిదారు తాను నివసించే జిల్లాలోనే కమిషన్‌ను ఆశ్రయించే వెసులుబాటునూ కల్పించింది. ప్రయోగశాల పరీక్ష నిబంధన మాత్రం 38వ సెక్షన్‌లో కొనసాగుతున్నది. ఫిర్యాదుకు రెండేళ్ల గడువున్నది గాని పొలం అంతకాలం ఆగదు. మరుసటి పంటకు దుక్కి దున్నేలోపే అధికారి వచ్చి చూడాలి. ఎన్ని రోజుల్లో రావాలన్నది వినియోగదారుల చట్టం నిర్దేశించలేదు.