హార్మోను మాత్రల మోతాదు ఎలా నిర్ణయిస్తాం?

“మా వదినకు ఈ మాత్ర బాగా పనిచేసింది, నాకూ అదే రాయండి” అని ముట్లుడిగిన స్త్రీలు మా ఓపీలో తరచుగా అడుగుతుంటారు. ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి, చెమటలు పట్టి, రాత్రిళ్లు నిద్రలేక బాధపడేవారికి హార్మోను మాత్రలు మేలు చేసే మాట నిజమే. కాని వదినగారి మోతాదు మీకు సరిపోతుందని చెప్పలేము.

మేము మొదట అడిగేది, గర్భసంచి ఉందా, తీసేశారా అని. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే లోపలి పొర మందమై క్రమంగా క్యాన్సర్‌కు దారితీయవచ్చు. అందుకే తోడుగా ప్రొజెస్టిరాన్ ఇస్తాం. ముట్లు పూర్తిగా ఆగినవారికి సాధారణంగా రోజూ రాత్రి 100 మి.గ్రా., ఇంకా అప్పుడప్పుడు వస్తున్నవారికి నెలలో 12 నుండి 14 రోజులు 200 మి.గ్రా. ఆవిర్లు తగ్గాయి కదా అని ఈ రెండో మాత్రను మానేసేవారున్నారు. అది గర్భసంచికి కాపలా, మానకూడదు.

ఈస్ట్రోజన్ మోతాదును రక్తపరీక్ష చేసి చెప్పమంటారు. షుగరుకు ఉన్నట్టు దీనికి ఒక అంకె లేదు. 45 దాటినవారిలో మీ బాధ ఎంత తగ్గిందన్నదే కొలత. ఈస్ట్రడయోల్ మాత్రను అర లేక 1 మి.గ్రా.తో మొదలుపెట్టి, మూడు నెలలకు చూసి, అవసరమైతే 2 మి.గ్రా. వరకు పెంచుతాం. రొమ్ములు బరువుగా, నొప్పిగా ఉంటే తగ్గిస్తాం. లావుగా ఉన్నవారికి మాత్రకంటే చర్మానికి రాసే జెల్ మంచిది, రక్తం గడ్డకట్టే భయం తక్కువ. యోనిలో పొడి, మంట మాత్రమే ఉంటే అక్కడ వాడే క్రీము చాలు.

2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనను మధ్యలో ఆపేయడంతో ఈ మందులంటే భయం పుట్టింది. రెండు హార్మోన్లూ వాడిన 10,000 మందిలో ఏడాదికి సుమారు 8 మందికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అయితే వారి సగటు వయసు 63. 60 లోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతుల్లో చాలామందికి లాభమే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, గుండెపోటు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వచ్చినవారికి మాత్రం ఈ మాత్రలు ఇవ్వం. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపిస్తే ముందు పరీక్ష, తరువాతే మందు.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది వేరే సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఆంధ్రప్రదేశ్‌లో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ, తరువాత తెలంగాణ. 35 ఏళ్లకే ఆపరేషన్ అయి, అండాశయాలు కూడా తీసేసిన చెల్లెళ్లు మా దగ్గరకు నడుంనొప్పితో వస్తారు. వారికి ఇది ముట్లుడిగే వయసు కాదు. శరీరం ఇంకా పదిహేనేళ్లు తయారుచేయవలసిన హార్మోను ఒక్కరోజులో ఆగిపోయింది. అందరికీ చెప్పే “తక్కువ మోతాదు, తక్కువ కాలం” వీరికి వర్తించదు. ఎముకలు గుల్లబారకుండా, గుండె బాగుండేందుకు 2 మి.గ్రా., ఒక్కోసారి ఇంకా ఎక్కువ, సుమారు 50 ఏళ్లు వచ్చేవరకు ఇవ్వవలసి ఉంటుంది. ఆవిర్లు లేకపోయినా సరే.

చాలామందికి అండాశయాలు తీశారో లేదో తెలియదు. “పెద్దాపరేషన్” అంటారు, అంతే. ఓపీకి వచ్చేటప్పుడు ఆనాటి డిశ్చార్జి కాగితం తీసుకురండి. అది పోతే ఆపరేషన్ జరిగిన చోట నకలు అడగండి. అదీ దొరక్కపోతే స్కానింగ్, రక్తపరీక్ష చేసి చూస్తాం.