పాత సాఫ్ట్‌వేర్ – కొత్త కంప్యూటర్

తాళపత్రం శాశ్వతం కాదు. చెదలు, తేమ దానిని తినివేస్తాయి. అందువల్లనే తాటాకు శిథిలం కాకముందే గ్రంథాన్ని మరొక తాటాకుపైకి ఎత్తి వ్రాయించడం పూర్వుల ఆచారం. పందొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) పండితులను నియమించి, ప్రతులను సరిపోల్చి, తెలుగు గ్రంథాలకు శుద్ధప్రతులు వ్రాయించాడు. కంప్యూటర్‌లో దాచిన అక్షరానికి చెదల భయం లేదు. కాని దానికి మరొక ప్రమాదం ఉన్నది. అక్షరం చెక్కుచెదరకపోయినా, దానిని చదివి చూపే సాఫ్ట్‌వేర్ పని చేయకపోతే ఆ అక్షరం ఉండీ లేనట్లే.

సాఫ్ట్‌వేర్ పాతబడడమంటే అరిగిపోవడం కాదు. దానిలోని ఆదేశాలు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా మొదటి రోజున ఉన్నట్లే ఉంటాయి. మారేది దాని పరిసరం. ఏ సాఫ్ట్‌వేరూ తనంత తానుగా పని చేయలేదు. ఫైలు తెరవాలన్నా, తెరపై అక్షరం చూపాలన్నా, ప్రింటరుకు పుట పంపాలన్నా అది ఆపరేటింగ్ సిస్టమ్ సాయం కోరాలి. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ కోరిక అర్థం కానప్పుడు పాత సాఫ్ట్‌వేర్ నిలిచిపోతుంది. డాస్ కోసం, తొలినాటి విండోస్ కోసం తయారైన 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌పై నేరుగా నడవవు. 2021లో వచ్చిన విండోస్ 11 కేవలం 64 బిట్ రూపంలోనే లభిస్తుంది.

ఈ సమస్య తెలుగు ముద్రణరంగానికి సుపరిచితమే. పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆల్డస్ సంస్థ 1985లో విడుదల చేసింది. 1994లో అది అడోబీ సంస్థ చేతికి వచ్చింది. 2001లో వెలువడిన ఏడవ రూపమే దాని ప్రధాన రూపాలలో చివరిది. తెలుగునాట డీటీపీ కేంద్రాలలో ‘అను’ వంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌పై లెక్కకు మిక్కిలి పుస్తకాలు కూర్చబడ్డాయి. ఈ ఫాంట్లలో తెలుగు అక్షరాల భాగాలను ఆంగ్ల అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలలో అమర్చారు. ఆ ఫాంటు ఉంటే పద్యం కనిపిస్తుంది. లేకపోతే అర్థంలేని గుర్తుల వరుస మిగులుతుంది. అటువంటి పుస్తకాన్ని పునర్ముద్రించాలంటే, ఫైలు చేతిలో ఉన్నా, ఒక్కొక్కసారి మొదటి నుండి మళ్ళీ టైపు చేయవలసి రావచ్చు.

పాత సాఫ్ట్‌వేర్‌ను నడపడానికి ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది సర్దుబాటు. విండోస్‌లోని కంపాటిబిలిటీ మోడ్ తాను పాత విండోస్‌నే అన్నట్లు ప్రోగ్రాముకు బదులిస్తుంది. రెండవది దుబాసీ మార్గం. 1993లో ప్రారంభమైన ‘వైన్’ విండోస్ ప్రోగ్రాముల కోరికలను లినక్స్‌కు తెలిసే విధంగా మార్చి అందిస్తుంది. మూడవది కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్‌ను కల్పించడం. వర్చువల్ మెషీన్‌లో పాత విండోస్‌ను స్థాపించి, దానిలో పాత సాఫ్ట్‌వేర్‌ను నడపవచ్చు. 2002లో వచ్చిన డాస్‌బాక్స్ డాస్ ప్రోగ్రాములకు ఇటువంటి ఆశ్రయమే కల్పించింది. అయితే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లకు భద్రతా సవరణలు అందవు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మద్దతు ముగిసింది. అందువల్ల అటువంటి కల్పిత యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడం శ్రేయస్కరం.

ఈ మార్గాలు కాలాన్ని పొడిగిస్తాయే కాని శాశ్వత పరిష్కారం కావు. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్యనిచ్చిన యూనికోడ్‌లోకి పాఠాన్ని మార్చడమే దీర్ఘకాలిక రక్షణ. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. కాని మార్పిడి ప్రోగ్రాములు ఒత్తుల వద్ద, గుణింతాల వద్ద పొరబడవచ్చు. ఆ తప్పులు దొరకాలంటే మూలాన్ని పక్కన పెట్టుకొని సరిచూడాలి. అచ్చుప్రతి దొరకనప్పుడు, మూలాన్ని ఉన్నదున్నట్లు చూపగలిగేది ఆ పాత సాఫ్ట్‌వేర్ ఒక్కటే.

కాబట్టి ప్రతి ఎత్తి వ్రాయడం ఎంత అవసరమో, అది పూర్తయ్యేవరకు మూలప్రతిని కాపాడుకోవడం కూడా అంతే అవసరం. తాటాకుకు వర్తించిన ఈ నియమం కంప్యూటర్‌కూ వర్తిస్తుంది. శుద్ధప్రతి సిద్ధం కాకముందే పాత సాఫ్ట్‌వేర్‌ను తొలగించడం, చదవవలసిన గ్రంథాన్ని చేజేతులా మూసివేయడమే అవుతుంది.