జాలమందలి ప్రశ్న: దాని యథార్థరూపమును చూచు విధము

ఒక శబ్దమునకు ప్రయోగము లేదని నిర్ణయించుట పరిశోధకునకు సాహసకార్యము. పూర్వము అట్టి మాట చెప్పుటకు గ్రంథములను పుట పుటయు తిరుగవేయవలసియుండెను. నేడు జాలమందలి గ్రంథసూచికలోనో నిఘంటువులోనో పదమును టైపు చేసి, ఫలితము శూన్యమని వచ్చినచో అదియే ప్రమాణముగా గ్రహించువారు పెక్కురు. తెలుగునేలకు దూరముగా బోధించుచున్న మావంటివారికి ఈ సూచికలే ముఖ్యాధారములు. కావున ఫలితమును నమ్ముటకు ముందు, మన ప్రశ్న ఏ రూపమున వెడలుచున్నదో చూడవలెను. ఇందులకు స్వల్పమైన సాధనమొకటి కలదు.

బ్రౌజరు మొదలగు అడుగు పక్షమునకు క్లయింటనియు, బదులిచ్చు పక్షమునకు సర్వరనియు పేర్లు. హెచ్.టి.టి.పి. 1.1 నియమావళి ననుసరించి క్లయింటు పంపునది చదువదగిన వచనమే. మొదటి పంక్తిలో అభ్యర్థనావిధము, కోరిన చిరునామా, నియమావళి కూర్పుసంఖ్య యుండును. పిదప శీర్షికలు, ఒక ఖాళీ పంక్తి, ఆవల విషయమున్నచో విషయము.

ఈ వచనమును కన్నులజూచుటకు కమాండు పంక్తినుండి నడచు చిన్న సర్వరు చాలును. 1995లో వెలువడిన నెట్‌క్యాట్ అట్టిది. దానిని ఒక పోర్టున, 8000 అనుకొందము, వినుచుండుమని ఆజ్ఞాపింపవలెను. తరువాత బ్రౌజరున 127.0.0.1 అను, తన యంత్రమునే సూచించు చిరునామాను ఆ పోర్టు సంఖ్యతో వ్రాసి, చివర ప్రశ్నార్థకము నుంచి, వెదకదలచిన పదమును చేర్చవలెను. క్లయింటు పలికినదెల్ల తెరపై పడును. ఈ సర్వరు దేనిని దిద్దదు, వ్యాఖ్యానింపదు. తనంతట బదులును చెప్పదు గనుక బ్రౌజరు ఎదురుచూచుచునే యుండును. పైథాన్ భాషతో కూడ వచ్చు హెచ్.టి.టి.పి. సర్వరు బదులు చెప్పును గాని, తెరపై అభ్యర్థన మొదటి పంక్తిని మాత్రమే నమోదు చేయును. పోస్టు విధమున పంపినచో 501 అను సంఖ్యతో నిరాకరించును. పరిశీలనకు నేను మొదటిదానినే మెచ్చుదును. తాళపత్రమున చూచినది చూచినట్లు ఎత్తి వ్రాసిన లేఖకుడు, తనకు తోచినట్లు దిద్దిన పండితునికంటె పరిష్కర్తకు ఎక్కువ ఉపకారి గదా!

'తెలుగు' అను పదమునే తీసికొందము. కంటికి మూడక్షరములు. యూనికోడున ఆరు సంకేతములు: త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, వెరసి 18. చిరునామాయందు ప్రతి బైటును ఒక శాతపు గుర్తుతోను, రెండు షోడశాంశ చిహ్నములతోను వ్రాయుదురు. కావున తెరపై 54 చిహ్నములు కనబడవలెను. వానికి బదులు వరుసగా ప్రశ్నార్థకములు కనబడినచో దోషము సూచికది కాదు. పదము ఇల్లు వెడలకమునుపే చెడినది.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కులు రెండు కలవు. 'రాజ్‌కుమార్' అని వ్రాయునప్పుడు జకారము క్రింద కవత్తు పడకుండుటకై నడుమ నొక అదృశ్యసంకేతము నుంచుదురు. అది కంటికి కానరాదు; సర్వరు తెరపై మాత్రము తొమ్మిది చిహ్నములుగా బయటపడును. రెండవది ఐత్వము. దీనిని ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వమును, దాని క్రింది గుర్తును వేరువేరుగా చేర్చియు వ్రాయవచ్చును. 'తైలము' మొదటి రీతిని 45 చిహ్నములు, రెండవ రీతిని 54. ఈ రెండును సమానములని యూనికోడు శాసనము. అయినను పదములను ఏకరూపమునకు తేకుండ సరిపోల్చు సూచిక, ఒకదానినుంచుకొని రెండవదానిని లేదనును. ప్రయోగము లేదని వ్యాసము వ్రాయబూనువాడు ఈ రెండు రూపములను పంపిచూచుట మేలు.

ఇది తెలుగునకే పరిమితము కాదు. మలయాళమున చిల్లక్షరములకు ప్రత్యేకసంకేతములు 2008లో, యూనికోడు 5.1 కూర్పున వచ్చినవి. అంతకుముందు వానిని హల్లు, చంద్రకళ, అదృశ్యసంయోజకము అను మూటితో కూర్చెడివారు. పాతపాఠములయందు ఆ రూపమే నిలిచియున్నచో క్రొత్త కీబోర్డుతో వెదకువానికి అవి చిక్కవు.

గుప్తీకరించిన హెచ్.టి.టి.పి.ఎస్. అభ్యర్థనను నెట్‌క్యాట్‌కు పంపినచో అర్థము కాని బైట్లు మాత్రమే తెరపై పడును. అట్టియెడ బ్రౌజరునందే యుండు డెవలపరు పరికరములలోని నెట్‌వర్కు పట్టికను తెరచి చూడవలెను. గుప్తీకరణమునకు పూర్వపు రూపము అచట దొరకును.