ఆసుపత్రి వ్యర్థాలు – ఇంధన వినియోగం: మచిలీపట్నం ప్రాంత దృష్టితో ఒక వివరణ

సారాంశం

ఆసుపత్రి వ్యర్థాలను పారిశుద్ధ్య సమస్యగానూ, విద్యుత్తు పొదుపును ఖర్చుల సమస్యగానూ విడివిడిగా చూడటం పరిపాటి. వ్యర్థాలను పుట్టినచోటనే వేరుచేయడం ఇంధన పొదుపుకూ తొలిమెట్టని, పల్లపు తీరప్రాంతమైన కృష్ణా డెల్టాలో దీని అవసరం మరింత ఎక్కువని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జీవవైద్య వ్యర్థాలు, వర్గీకరణ, దహనం, విద్యుత్తు పొదుపు, మచిలీపట్నం, దివిసీమ.

1. ప్రవేశిక

కృష్ణా జిల్లా కేంద్రమైన మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. వైద్యవిద్యకు నెలవైన ఆసుపత్రిలో పరీక్షలు, శస్త్రచికిత్సలు పెరిగేకొద్దీ వ్యర్థాలూ, విద్యుత్తు వాడకమూ పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వైద్యశాలల వ్యర్థాల్లో దాదాపు 85 శాతం ఇంటి చెత్త వంటివే. ప్రమాదకరమైనవి 15 శాతం మాత్రమే. అయితే రెండూ ఒకే బుట్టలో కలిస్తే మొత్తాన్నీ ప్రమాదకరంగానే పరిగణించవలసి వస్తుంది.

2. నాలుగు రంగులు

2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు నాలుగు రంగులను నిర్దేశించాయి. శరీరభాగాలు, రక్తంతో తడిసిన దూది, కట్లు పసుపు సంచిలో వేయాలి. సెలైన్ గొట్టాలు, సూది తీసిన సిరంజీలు, చేతితొడుగులు ఎరుపు సంచిలో వేయాలి. సూదులు, బ్లేడ్లకు గుచ్చుకుపోని తెల్లడబ్బా, గాజుసామగ్రికి నీలిరంగు పెట్టె ఉండాలి. ఈ వరుస తప్పితే మొదట నష్టపోయేది సంచి మోసే పారిశుద్ధ్య కార్మికులే. పొరపాటున సంచిలో పడిన ఒక్క సూది ద్వారా హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. వంటివి సోకే ప్రమాదం ఉంది.

3. వర్గీకరణకూ ఇంధనానికీ సంబంధం

పసుపు సంచిలోని వ్యర్థాలు ప్రధానంగా దహనయంత్రానికి చేరతాయి. అందులో మొదటి గదిలో కనీసం 800, రెండవ గదిలో సుమారు 1050 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. ఎరుపు సంచిలోని ప్లాస్టిక్‌ను ఆటోక్లేవ్‌లో సుమారు 121 డిగ్రీల ఆవిరితో క్రిమిరహితం చేసి, ముక్కలుచేసి, పునర్వినియోగానికి పంపవచ్చు. సెలైన్ గొట్టం పసుపు సంచిలో పడితే తిరిగి ఉపయోగపడే వస్తువు వృథాగా కాలిపోతుంది. క్లోరిన్ గల ప్లాస్టిక్ అయితే విషతుల్యమైన డయాక్సిన్లు వెలువడే అవకాశమూ ఉంది. మిగిలిన అన్నం, పండ్లతొక్కలు కలిస్తే వాటిలోని నీటిని ఆవిరి చేయడానికే అదనపు ఇంధనం ఖర్చవుతుంది.

4. డెల్టా పరిమితులు

ఉమ్మడి శుద్ధి కేంద్రం అందుబాటులో లేని మారుమూల ప్రాంతాలకు మాత్రమే నియమాలు లోతైన గోతిలో పూడ్చడాన్ని అనుమతించాయి. అక్కడ కూడా భూగర్భజలం గోతి అడుగుకు కనీసం 6 మీటర్ల దిగువన ఉండాలి. నీరు పైపైనే తగిలే డెల్టా పల్లపు భూముల్లో ఈ షరతు నెరవేరడం కష్టం. శుద్ధిచేయని పసుపు సంచుల వ్యర్థాలను సాధారణంగా 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమలో తుపాను వేళ రాకపోకలు స్తంభించే అవకాశాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. పసుపు సంచి బరువు ఎంత తగ్గితే ఆ నిల్వ అంత తేలికవుతుంది.

5. వార్డులో విద్యుత్తు

పాత పంకా సుమారు 75 వాట్లు తీసుకుంటే, బి.ఎల్.డి.సి. పంకాకు 30 వాట్లు సరిపోతాయి. రోజంతా తిరిగే 100 పంకాలను మారిస్తే రోజుకు 108 యూనిట్లు మిగులుతాయి. కార్యాలయ గదుల్లో ఏ.సి. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. శస్త్రచికిత్స గదులకు, ఐ.సి.యు.లకు మాత్రం వైద్యప్రమాణాలే ప్రధానం. అక్కడ పొదుపు పేరిట రాజీ పడరాదు.

6. ముగింపు

పై పరిశీలననుబట్టి పొదుపు యంత్రాల కొనుగోలుతోనే కాక, మంచం పక్కన ఉన్న బుట్టతోనూ మొదలవుతుందని స్పష్టమవుతున్నది. ఆ బుట్టలో చెత్త వేసేవారిలో వైద్యులు, నర్సులతోపాటు రోగుల బంధువులూ ఉంటారు. కనుక రంగుల సూచనలు బొమ్మలతో, తేలికైన తెలుగులో ప్రతి వార్డులోనూ ఉండాలి. ఏ వార్డునుంచి ఏ రంగు సంచి ఎంత బరువు వచ్చిందో రోజూ నమోదుచేస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. కార్మికుల చేతికి రక్షణ, ఇంధనంలో ఆదా ఈ ఒక్క క్రమశిక్షణతోనే సమకూరుతాయి.