పొట్టులో పుట్టే వేరు

కోనసీమలో అంబాజీపేట చుట్టుపక్కల పీచు మిల్లుల పక్కన గోధుమరంగు గుట్టలు కనిపిస్తాయి. కిలో పీచు తీస్తే దాదాపు రెండు కిలోల కొబ్బరి పొట్టు మిగులుతుంది. చాలాకాలం దాన్ని ఎవరూ సరుకుగా చూడలేదు. ఇప్పుడు అదే పొట్టు ఇటుకలుగా అచ్చుపడి, కోకోపీట్ పేరుతో నగరాలకు వెళ్తోంది. హైదరాబాద్‌లో మేడ మీద మందారం పెంచుకునేవాళ్ళు డబ్బిచ్చి కొంటున్నారు. కోనసీమలో మాత్రం కొమ్మ గుచ్చాలంటే ఇంకా పెరట్లో నల్లమట్టి దగ్గరికే వెళ్తున్నాం.

గోదావరి ఒండ్రు వరికీ అరటికీ బంగారమే. వేరు లేని కొమ్మకు మాత్రం ఆ సారంతో పనిలేదు. కాండంలో దాచుకున్న పిండిపదార్థమే దానికి అప్పటి తిండి. కావలసింది తేమా గాలీ, రెండూ ఒకేచోట. బంకమట్టిలో నీరు నిలిస్తే గాలి ఆడదు. నాలుగు రోజులు పోయాక కొమ్మను లాగి చూడండి: మొదలు నల్లబడి, వేలితో నొక్కితే బెరడు జారిపోతుంది. చెయ్యి మంచిది కాదని తిట్టుకుంటారు గానీ తప్పు చేతిది కాదు, మట్టిది.

అందుకే ప్రతి ఇంట్లోనూ ఈ పరీక్ష చేసి చూడాలంటాను. ఒకే మందారం చెట్టు నుంచి, ఒకే మందాన, మూడు నాలుగు కణుపులున్న కొమ్మలు తీసుకోండి. కింది కణుపుకు కాస్త దిగువన ఏటవాలుగా కోసి, పైన ఒకటి రెండు ఆకులే ఉంచండి. కొన్ని నీళ్ళ సీసాలో, కొన్ని కడిగిన ఇసుకలో, కొన్ని పొట్టూ ఇసుకా కలిపిన డబ్బాలో పెట్టి, అన్నిటినీ ఒకే నీడలో ఉంచండి. నీళ్ళలో వచ్చే వేళ్ళు తెల్లగా, చూడముచ్చటగా ఉంటాయి, కానీ పెళుసు. మట్టిలోకి మారిస్తే చాలావరకు అవి నిలదొక్కుకోలేవు. ఇసుకలో వేళ్ళు పొడుగ్గా, కొమ్మలు వేయకుండా సాగుతాయి. పొట్టు కలిసినచోట సన్నని వేళ్ళు గుబురుగా అల్లుకుంటాయి. నాటడానికి పనికొచ్చేది ఈ గుబురే. బరువుకు ఎనిమిది రెట్ల దాకా నీరు పట్టుకుని కూడా గాలికి చోటివ్వడం పొట్టుకున్న గుణం.

వేళ్ళు తొందరగా రావడానికి ఇండోల్ బ్యుటిరిక్ యాసిడ్ పొడి వాడతారు. 1935లో అమెరికాలో జిమ్మర్‌మన్, విల్కాక్సన్ అనే శాస్త్రవేత్తలు దాని శక్తిని చూపించారు. గట్టి కొమ్మలకు అది బాగా సాయపడుతుంది, కానీ ఊపిరాడని మట్టిలో ఏ పొడీ ఆదుకోదు.

అలాగని పచ్చి పొట్టును గుట్ట మీంచి తెచ్చి నేరుగా వాడకూడదు. అందులో ఉప్పు ఉంటుంది, టానిన్ ఉంటుంది. రాజోలు దిగువన, సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి కాబట్టి వాటితో కడిగి లాభం లేదు. కాలువ నీళ్ళో వాన నీళ్ళో పోసి, నానబెట్టి, పిండి, మళ్ళీ నీళ్ళు పోయాలి. కడిగిన నీటి గోధుమరంగు తేలికపడేదాకా ఓపిక పట్టాలి.

గోదావరి అవతలి గట్టున కడియం నర్సరీల్లో ఈ మెలకువలు రోజువారీ పని. కోనసీమ రైతుకు పూలమొక్కల కన్నా మిరియం దగ్గర ఇవి ఎక్కువ కలిసొస్తాయి. కొబ్బరి చెట్టుకే పాకించే ఆ తీగను కణుపుల కొమ్మలతోనే పెంచుతారు. ఇందుకు శ్రీలంకలో పుట్టిన ఒక పద్ధతిని మన దేశానికి తగ్గట్టు మార్చారు. వెదురు బొంగును నిలువునా చీల్చి, ఆ దోనెలో కొబ్బరి పొట్టూ పశువుల ఎరువూ సమానంగా నింపి, ఏటవాలుగా నిలబెడతారు. తీగను దాని మీదుగా పాకిస్తూ ప్రతి కణుపునూ ఆ మిశ్రమానికి అదిమి కడతారు. కణుపు కణుపుకూ వేళ్ళొస్తాయి. తర్వాత ఒక్కో కణుపునూ విడదీసి సంచిలో పెడతారు. ఏడాదిలో ఒక తీగ నుంచి నలభై మొక్కల దాకా తీయొచ్చు. వెదురు, పొట్టు, పేడ, నీడ: అమలాపురం, కొత్తపేట తోటల్లో ఇందులో కొనవలసింది ఏముంది?

పొట్టు కడిగిన నీళ్ళ సంగతి మాత్రం మరవొద్దు. ఆ ఎర్రటి నీటిని కాలువలోకి వదలకండి, దిగువ ఊళ్ళు తాగేది ఆ కాలువ నీళ్ళే. దాన్ని కొబ్బరి పాదుల్లో పోయండి. అందులో పొటాష్ ఉంటుంది, ఆ కాస్త ఉప్పును కొబ్బరి ఓర్చుకుంటుంది.