గట్టిగా వాయించినప్పుడు పియానో శ్రుతి: శాంపుల్డ్, మోడల్డ్ వాద్యాల పరిశీలన

వ్యాససంగ్రహం:
పియానోను గట్టిగా వాయించినప్పుడు శ్రుతి మారినట్లు వినిపించడానికి ప్రధానంగా మూడు కారణాలున్నాయి: తీగ తన్యతలో క్షణికమైన పెరుగుదల, తీగ బిగింపు జారడం, నాదగుణంలో మార్పు. శాంపుల్డ్, మోడల్డ్ పియానోలలో ఈ మూడూ ఏ మేరకు ప్రతిఫలిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పియానో, శ్రుతి, తన్యత, అనుస్వరాలు, శాంపిల్, మోడలింగ్.

1. ఉపోద్ఘాతం:
వీణ తీగను మెట్టుపై పక్కకు లాగితే తన్యత హెచ్చి స్వరం పెరుగుతుంది. పియానోలో తీగను చేతితో లాగే వీలు లేదు. అయినా సుత్తి దెబ్బకు తీగ ఎంత విస్తారంగా కంపిస్తే సగటున అంత ఎక్కువగా సాగుతుంది. సూత్రం ఒక్కటే.

2. అసలు పియానోలో జరిగేది:
2.1. క్షణిక మార్పు: 440 హెర్ట్జ్ స్వరపు తీగ పొడవు 40 సెం.మీ., బిగింపు వల్ల అది సాగిన మేర 0.5 శాతం, కంపన పరిమితి 1 మి.మీ. అనుకొని లెక్కిస్తే, శ్రుతి 1 నుంచి 2 సెంట్లు మాత్రమే పెరుగుతుంది. అర్ధస్వరంలో నూరవ వంతు ఒక సెంటు. కంపన పరిమితి సగమైతే ఈ పెరుగుదల నాలుగో వంతుకు పడిపోతుంది. కనుక నాదం క్షీణించే కొద్దీ శ్రుతి యథాస్థానానికి చేరుతుంది.

2.2. నిలిచిపోయే మార్పు: పదేపదే పడే గట్టి దెబ్బలకు తీగ తాను ఆనుకొన్న చోట్ల కొద్దిగా జారవచ్చు. ఒకే స్వరానికి చెందిన మూడు తీగలలో ఒకటి 2 సెంట్లు తప్పితే, 440 హెర్ట్జ్ వద్ద సుమారు రెండు సెకండ్లకు ఒక విస్పందనం వినిపిస్తుంది. శ్రుతి చేసేవారు మీటను గట్టిగా కొట్టి చూసేది తీగ ముందే సర్దుకోవాలనే.

2.3. నాదగుణం: గట్టి దెబ్బకు సుత్తిపై ఫెల్టు నొక్కుకొని బిరుసెక్కి, పై అనుస్వరాలను బలంగా పలికిస్తుంది. ఉక్కు తీగ బిరుసుదనం వల్ల అవి పూర్ణ గుణిజాలకన్నా కొంత హెచ్చుగా ఉంటాయి. అందువల్ల ప్రాథమిక పౌనఃపున్యం మారకపోయినా స్వరం హెచ్చినట్లు తోచవచ్చు.

3. శాంపుల్డ్ పియానో:
మిడి ప్రమాణంలో వాయింపు బలాన్ని 1 నుంచి 127 వరకు అంకెలతో సూచిస్తారు. శాంపుల్డ్ పియానో ఈ పరిధిని కొన్ని పొరలుగా విభజించి, ఒక్కొక్క పొరకు వేరే రికార్డింగును వినిపిస్తుంది. క్షణిక మార్పు, నాదగుణం ఆ రికార్డింగులలో సహజంగానే ఉంటాయి. అయితే మెల్లని పొరకూ గట్టి పొరకూ రికార్డింగు జరిగిన నడుమ తీగ జారి ఉంటే, ఆ తేడా కూడా శాశ్వతంగా నమోదవుతుంది. అప్పుడు పొర మారిన చోట శ్రుతి ఒక్కసారిగా మారుతుంది. అది తీగ ధర్మం కాదు, రికార్డింగు లోపం.

4. మోడల్డ్ పియానో:
2006లో మోడార్ట్ సంస్థ విడుదల చేసిన పియానోటెక్, 2009లో రోలాండ్ సంస్థ తెచ్చిన వి-పియానో ఈ కోవకు చెందినవి. ఇవి నాదాన్ని అప్పటికప్పుడు గణిస్తాయి. పొరలు లేనందున మార్పు క్రమంగా సాగుతుంది. అయితే మోడల్ తన సమీకరణాలలో ఉన్నదానినే పలుకుతుంది. తన్యత స్థిరమని భావించి రాసిన సమీకరణం, ఎంత గట్టిగా వాయించినా 2.1లోని పెరుగుదలను చూపదు. ప్రత్యేకించి ఏర్పాటు చేస్తే తప్ప, గంటల తరబడి వాయించినా తీగ జారడమన్నది ఈ రెండు రకాలలోనూ ఉండదు.

5. ముగింపు:
ఒకే స్వరాన్ని క్రమంగా బలం పెంచుతూ వాయించి, ప్రాథమిక పౌనఃపున్యాన్ని కొలిస్తే కారణం తేలుతుంది.
• ఒక నిర్దిష్ట బలం వద్ద శ్రుతి గెంతితే లోపం ఆ పొరదే. ఆ పొరను మాత్రమే సరిచేయాలి.
• ఆరంభంలో హెచ్చి క్రమంగా దిగితే అది తన్యత ప్రభావం. దానిని సరిదిద్దడం వాద్య స్వభావాన్ని చెరపడమే అవుతుంది.
• కొలతలో మార్పు లేక చెవికి మాత్రమే తోస్తే అది నాదగుణ ప్రభావం.
వాద్యం మొత్తానికి శ్రుతి మార్చడం ఈ మూడింటిలో దేనికీ పరిష్కారం కాదు.