శ్రీలంకను ఎందులకు చూడవలెను?

మన ఇండ్లలోనికి రేడియో పెట్టె కొత్తగా ప్రవేశించిన దినములలో, ముల్లు త్రిప్పిన వెంటనే పలికెడి కేంద్రములలో రేడియో సిలోను ఒకటి. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను దూరముగా ఉంచినప్పుడు శ్రోతలు కొలంబో వైపు ముల్లు త్రిప్పిరి. 1957లో వివిధభారతి వచ్చువరకు ఆ కేంద్రమునకు సాటి లేకపోయెను. మధ్యాహ్నవేళ అచ్చటనుండి తెలుగు పాటలును వినవచ్చెడివి. రేడియో ఉద్యోగులమైన మేము పొరుగు కేంద్రమును ఇట్లు పొగడుటకు కొంత సంకోచింపవలెను. కాని నిజము నిజమే. ఆ గొంతు మన వంటింటివరకు వచ్చినది. ఆ దేశమునకు మాత్రము మనలో వెళ్లినవారు తక్కువ. కాశికి పోయివచ్చినవారు వీధికి పదిమంది యుందురు. సముద్రపు పాయ దాటి అంతకంటె దగ్గరనున్న సింహళమును చూచినవారు ఊరికొక్కరుండుట అరుదు.

చూడదగిన దేశమని చెప్పుటకు కారణములు పెక్కు కలవు. చక్కని సముద్రతీరము, చల్లని కొండలు, రెండువేల యేండ్లనాటి స్తూపములు, ఏనుగులు గుంపులుగా తిరుగు అడవులు కలవు. కాని యీ జాబితా విని యెవరును ప్రయాణము కట్టరు. వీటినన్నిటిని కలిపియుంచిన సూత్రమొకటి కలదని మా తలంపు. అది నీరు. ఆ దేశపు నేలలను వేరుచేసినది వాన. అచ్చటి రాజులకు కీర్తి తెచ్చినది చెరువు. చెరువు క్రింద బ్రదికిన మనకు ఆ దేశము పరాయిదిగా తోచదు.

దేశము చిన్నది. వైశాల్యము 65,610 చదరపు కిలోమీటర్లు. అనగా తెలంగాణలో మూడింట రెండువంతులైనను లేదు. పొడవు సుమారు 430 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 220 కిలోమీటర్లు. ఇంత చిన్న ద్వీపపు నడుమ, దక్షిణమునకు జరిగి, కొండలు లేచినవి. వానిలో మిక్కిలి ఎత్తైనది పిదురుతలగల. దాని యెత్తు 2,524 మీటర్లు. నైరృతి ఋతుపవనము ఈ కొండలను తాకి పడమటి వైపున కుండపోతగా కురియును. కొండ దాటి ఆవలికి దిగునప్పటికి ఆ గాలిలో తేమ మిగులదు. తూర్పు, ఉత్తర భాగములకు అసలు వాన అక్టోబరు తరువాత, ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. మనకు సార్వా, దాళ్వా యున్నట్లే అచ్చటి రైతునకు మహ, యల యని రెండు పంటకాలములు కలవు.

ఉదయము కొలంబోలో కొబ్బరిచెట్ల నడుమ బయలుదేరిన యాత్రికుడు సాయంకాలమునకు నువర ఎలియ చేరి, తేయాకు తోటల చలిగాలికి శాలువ కప్పుకొనును. మరునాడు ఉత్తరముగా దిగినచో చిట్టడవులు, వరిచేలు, చెరువులు కనబడును. ఇంకను పైకి పోయి జాఫ్నా చేరినచో నదియే లేని సున్నపురాతి నేల, తాటితోపులు, ఊరూర నూతులు. రెండు మూడు దినములలో ఇన్ని విధములైన నేలలను చూపు దేశములు అరుదు.

ద్వీపమున సుమారు మూడింట రెండువంతులు వాన తక్కువగల నేలయే. అయినను ప్రాచీన రాజధానులైన అనూరాధపురము, పొలన్నరువ ఇచ్చటనే వెలసినవి. దానికి కారణము చెరువులు. సింహళభాషలో చెరువును వెవ యందురు. సంస్కృతములోని వాపి శబ్దము మనకు బావి యైనది. వారికి వెవ యైనది. కట్ట, తూము, అలుగు మనకు తెలిసినవే. వారు వానికి తోడుగా మరియొక యుపాయమును కనిపెట్టిరి. కట్టలోపల, తూమునకు అడ్డముగా, రాతిపలకలతో చదరపు బావివంటి కట్టడమును నిర్మించిరి. దాని పేరు బిసోకొటువ. చెరువు నిండినప్పుడు నీటి యొత్తిడి తూమును పగులగొట్టకుండ ఆపి, కావలసినంత నీటినే వదలుట దాని పని. క్రీస్తుశకపు తొలి శతాబ్దములనాటికే అచ్చటి పనివారికి ఈ సూక్ష్మము తెలియును.

5వ శతాబ్దమున ధాతుసేనుడను రాజు కలావెవ యను పెద్దచెరువును కట్టించెను. దానినుండి అనూరాధపురమునకు నీరు కొనిపోవు జయగంగ కాలువ పొడవు సుమారు 87 కిలోమీటర్లు. మొదటి భాగమున దాని వాలు మైలునకు సుమారు ఆరంగుళములే! నేటి పరికరములు లేని కాలమున ఇంత సన్నని వాలును ఎట్లు కొలిచిరో యని ఇంజనీర్లు నేటికిని ఆశ్చర్యపడుచుందురు.

ఆ రాజునుగూర్చి చూళవంశమను పాళీగ్రంథమున ఒక కథ కలదు. కుమారుడైన కాశ్యపుడు తిరుగబడి తండ్రిని చెరపట్టి, దాచిన ధనమెక్కడ నున్నదో చూపుమని నిర్బంధించెను. వృద్ధరాజు తనను కలావెవకు తీసికొనిపొమ్మని కోరి, ఆ నీట మునిగి, దోసిలితో త్రాగి, తనకుగల ధనమంతయు ఇదియేయని వారికి చూపెను. కాశ్యపుడు తండ్రిని చంపించెను. పిమ్మట భయముచేత అడవినడుమ నిలువుగా లేచిన సిగిరియా శిలమీద కోట కట్టుకొని, 495 వరకు ఏలెను. నేడు లోకమంతయు ఆ శిలను, దానిమీది చిత్రములను చూచుటకు పోవుచున్నది. చూడవలసినదే. కాని సిగిరియా చూచినవారు కలావెవ కట్టమీద కూడ ఒక గడియ నిలువవలెనని మా మనవి. కొడుకు కోట శిథిలమైనది. తండ్రి చెరువు శతాబ్దములపాటు పాడుపడి, 19వ శతాబ్ది చివర మరల బాగుపడి, నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది.

రాజులు కట్టించిన చెరువులు కొన్ని; గ్రామస్థుల చెరువులు వేలకొలది. ఒక చెరువు అలుగు నీరు క్రింది చెరువునకు చేరునట్లు వానిని గొలుసుగా కట్టిరి. కాకతీయులనాటి గొలుసుకట్టు చెరువులను ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ పద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తించెను. నీటితో పాటు నీతియు ఉన్నది. వాన తక్కువైన యేట చెరువుదగ్గరి కొంతభాగమునే సాగుచేసి, ఆ భాగమును ఆయకట్టు రైతులందరును తమ తమ వంతులప్రకారము తాత్కాలికముగా పంచుకొందురు. దీనికి బెత్మ యని పేరు. కరవునాడు తనది తనదే యనక పంచుకొనుట చట్టమువలన రాలేదు, ఆచారమువలన వచ్చినది.

వేసవిలో మిన్నేరియ చెరువు నీరు తగ్గి, ఒడ్డున పచ్చిక మొలవగనే, ఆగస్టు, సెప్టెంబరు మాసములలో అడవియేనుగులు వందలుగా అచ్చటికి చేరును. 3వ శతాబ్దపు రాజు మహాసేనుడు పైరుల కొరకు కట్టించిన చెరువు ఏనుగులకును దిక్కైనది.

కాండీ నగరమున జూలై, ఆగస్టు మాసములలో జరుగు ఎసల పెరహెర ఉత్సవము నీటికథకే చెందినది. దంతధాతు మందిరమునుండి డప్పులతో, దివిటీలతో, అలంకరించిన యేనుగులతో రాత్రులందు ఊరేగింపు సాగును. వానలను కోరి చేసిన ప్రాచీన పూజలు దీనికి మూలమని పెద్దలందురు. చివర మహావేలి నదిలో కత్తితో నీటిని కోసి, ఆ నీటిని కలశములలో పట్టి మరుసటి యేటివరకు దాచుదురు. 18వ శతాబ్దమున ఈ ఉత్సవమునకు నేటి రూపమిచ్చిన కీర్తిశ్రీ రాజసింహుడు మధుర ప్రాంతమునుండి వచ్చిన నాయకవంశమువాడు. ఆ వంశమునకు మూలము తెలుగునాడు. ఆ రాజు 1753లో సయాము దేశమునుండి భిక్షువులను రప్పించి, అచ్చట అంతరించిన ఉపసంపద దీక్షను నిలిపెను. ఆ వంశపు కడపటి రాజు 1815లో రాజ్యము కోల్పోయి, వేలూరులో బందీగా 1832లో మరణించెను.

మన సంబంధము అంతకంటెను పాతది. 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల నాగార్జునకొండ శాసనమున సింహళవిహారము పేర్కొనబడినది. అనగా కృష్ణాతీరమున ఆ దేశపు భిక్షువులకు బస యుండెడిదన్నమాట.

ఆ దేశము అనుభవించిన కష్టములను దాచి ఈ మాటలన్నియు చెప్పుట న్యాయము కాదు. 1983నుండి 2009వరకు అంతర్యుద్ధము అచ్చటి సింహళులను, తమిళులను, ముస్లిములను అందరను గాయపరచెను. 2004 డిసెంబరు 26న సునామీ తీరగ్రామములను తుడిచివేసెను. 2022లో విదేశద్రవ్యము కరిగిపోగా జనము పెట్రోలునకును, మందులకును బారులు తీరి నిలువవలసివచ్చెను. మనము మెచ్చుకొను తేయాకు తోటలలో ఆకు కోయువారు, 19వ శతాబ్దమున తమిళదేశమునుండి కూలికి పోయినవారి సంతతి. 1948నాటి చట్టమువలన వారిలో అనేకులు పౌరసత్వము లేనివారైరి. ఆ చిక్కు తీరుటకు 2003 వరకు పట్టెను. ఇవి ఎరిగి పోయిన యాత్రికుని చూపు వేరుగా నుండును. అట్టి యాత్రికుని రూకకును అచ్చట విలువ కలదు.

పూర్వము ధనుష్కోడిలో రైలు దిగి ఓడయెక్కి తలైమన్నారు చేరెడివారు. 1964 డిసెంబరు తుపానుతో ఆ దారి పోయెను. నేడు చెన్నపట్టణమునుండి విమానము గంటన్నరలోపున కొలంబో చేర్చును. పోవువారు స్తూపములకడ చెప్పులు విడువవలెను. బుద్ధవిగ్రహమునకు వీపు త్రిప్పి ఫోటో తీయించుకొనరాదు. అచ్చటివారు దానిని అపచారముగా భావింతురు.

చివరగా ఒక మాట. మన ఊళ్లలో పూడిపోయిన చెరువులు, ఇండ్ల స్థలములైన శిఖములు ఎన్ని కలవో శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు. అనూరాధపురపు చెరువుకట్టమీద సాయంకాలము నిలిచి, నీటిలో స్తూపముల నీడను చూచి తిరిగివచ్చినవారు, మరునాడు తమ ఊరి చెరువుకట్టమీదకు ఒకసారి నడచి చూతురని మా ఆశ. దానికొరకైనను శ్రీలంకను చూడవలెను.